ఒకే ఇంజిన్ టర్బోప్రాప్‌లు: ఆకర్షణ ఎక్కడ, అపాయం ఎక్కడ

విమానానికి ఇంజిన్ ఒక్కటే అనగానే ఎవరికైనా ముందుగా కలిగే సందేహం, అది గాలిలో ఆగిపోతే ఏమిటన్నదే. ఆ సందేహం సహజం. అయినా గత నాలుగు దశాబ్దాలుగా ఒకే టర్బోప్రాప్ ఇంజిన్‌తో, అంటే మండిన వాయువు తాకిడికి తిరిగే టర్బైన్ చక్రాలతో ప్రొపెల్లర్‌ను తిప్పే ఇంజిన్‌తో, నడిచే విమానాలకు ఆదరణ పెరుగుతూనే వచ్చింది. సెస్నా కారవాన్ 1982 డిసెంబరులో, టీబీఎం 700 1988 జూలైలో, పిలాటస్ పీసీ-12 1991 మే నెలలో తొలిసారి ఎగిరాయి. వీటిలో కారవాన్లు మూడు వేలకు పైగా, పీసీ-12లు రెండు వేలకు పైగా తయారయ్యాయి. పార్సిళ్లు చేరవేసే సంస్థలు, మారుమూల ఎడారి పల్లెల నుంచి రోగులను తెచ్చే ఆస్ట్రేలియాలోని రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్, సొంతంగా విమానం నడుపుకునే వ్యాపారులు వీటిని ఎంచుకుంటున్నారు. వీరంతా ప్రమాదాన్ని లెక్కచేయని వారని అనుకోవడానికి వీల్లేదు. వీరు వేసుకున్న లెక్క వేరు. ఆ లెక్క చాలావరకు సరైనదే. కాకపోతే అందులో ఇంజిన్‌కు ఇచ్చినంత చోటు పైలట్‌కు ఇవ్వకపోవడమే తరచుగా కనిపించే లోపం.

ముందు ఇంజిన్ సంగతి. ఈ తరగతి విమానాలలో అత్యధికం ప్రాట్ అండ్ విట్నీ కెనడా వారి పీటీ6 ఇంజిన్‌తోనే నడుస్తాయి. 1960లో తొలిసారి నేల మీద తిరిగి, 1963లో ఉత్పత్తిలోకి వచ్చిన ఈ ఇంజిన్లు ఇప్పటికి యాభై వేలకు పైగా తయారయ్యాయి. దీని అమరిక కొంత విచిత్రంగా ఉంటుంది. గాలి ఇంజిన్ వెనుక భాగం నుంచి లోపలికి వెళ్లి, ముందుకు సాగుతూ కంప్రెసర్‌లో ఒత్తిడి పెంచుకుని, దహన గదిలో ఇంధనంతో కలిసి మండి, టర్బైన్లను తిప్పి, ప్రొపెల్లర్‌కు కాస్త వెనుక ఉన్న గొట్టాల గుండా బయటకు పోతుంది. ముక్కుకు ఇరువైపులా కనిపించే ఆ లావుపాటి పొగ గొట్టాలు అవే. కంప్రెసర్‌ను తిప్పే టర్బైన్ వేరు, ప్రొపెల్లర్‌ను తిప్పే టర్బైన్ వేరు. ఆ రెండింటినీ కలిపే ఇరుసేమీ ఉండదు, ఒకదాన్ని దాటి వచ్చిన వేడి వాయువే రెండోదాన్ని తిప్పుతుంది. లోపలి భాగం నిమిషానికి ముప్ఫై వేల చుట్లకు పైగా తిరుగుతుంటే, గేర్ల ద్వారా తగ్గిన వేగంతో పీసీ-12 ప్రొపెల్లర్ నిమిషానికి 1,700 చుట్లు మాత్రమే తిరుగుతుంది.

పిస్టన్ ఇంజిన్‌తో పోల్చి చూస్తే దీని నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. పిస్టన్ ఇంజిన్‌లో ప్రతి సిలిండర్‌లోనూ ఒక లోహపు ముక్క సెకనుకు పదుల సార్లు ముందుకు వెళ్లి, ఆగి, వెనక్కి రావాలి. వాల్వులు తెరుచుకోవాలి, మూసుకోవాలి, మంట పదే పదే అంటుకోవాలి. టర్బైన్‌లో ఈ కొట్టుకోవడం లేదు. ఒకే దిశలో తిరిగే చక్రాలు, ఒకసారి అంటుకుంటే ఆరకుండా మండే మంట, అంతే. అందుకే విమానాల పిస్టన్ ఇంజిన్లను సాధారణంగా 2,000 గంటల దగ్గర పూర్తిగా విప్పి సరిచేయవలసి వస్తే, పీటీ6 రకాలకు ఆ గడువు 3,500 గంటల చుట్టుపక్కల మొదలై, కొన్ని కొత్త రకాలలో 5,000 గంటల దాకా వెళుతుంది.

దీనికి తోడు ఈ విమానాలలో ఇంజిన్‌ను దాని పూర్తి శక్తి దాకా వాడనివ్వరు. టీబీఎం 700 తర్వాతి రకమైన టీబీఎం 850లోని ఇంజిన్, లోపలి భాగాలు తట్టుకోగల వేడిని బట్టి చూస్తే 1,800 అశ్వశక్తికి పైగా ఇవ్వగలదు, కాని విమానంలో దాన్ని 850కే పరిమితం చేశారు. పైకి వెళ్లి గాలి పలుచబడినా ఆ 850 చాలా ఎత్తు వరకు తగ్గకుండా నిలవడం దీని మొదటి లాభం. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు ఇంజిన్ లోపలి భాగాలు తమ హద్దుకు చాలా ఇవతలే పనిచేయడం రెండోది. మొదటి లాభం ప్రకటనల్లో కనిపిస్తుంది, ఇంజిన్ ఆయుష్షును నిలబెట్టేది మాత్రం రెండోదే.

ఇక అంకెల సంగతి. ఒకే ఇంజిన్ ఉన్న టర్బైన్ విమానంలో, మేఘాల్లోనో రాత్రివేళో, డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకోవడానికి అనుమతి ఇచ్చే దేశాలు సాధారణంగా పెట్టే షరతు ఒకటుంది: ఆ రకం విమానం, ఇంజిన్ కలయికలో శక్తి కోల్పోయే ఘటనలు లక్ష గంటలకు ఒకటి కన్నా తక్కువగా ఉన్నట్టు అనుభవంలో రుజువు కావాలి. ఏడాదికి 200 గంటలు ఎగిరే పైలట్‌కు లక్ష గంటలు కావాలంటే ఐదు వందల ఏళ్లు పడుతుంది. అయితే ఇది సగటు అన్న సంగతి మరవకూడదు. సగటు ఎంత బాగున్నా అది రోజుకు వేల విమానాలు ఎగిరే లోకంలో ఎవరో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు తారసపడక తప్పదు. కనుక ఇంజిన్ ఆగదని వాదించడం కన్నా ఆగితే ఏమవుతుందో చూడటం మేలు.

అలా ఆగిన రెండు ఘటనలు బాగా నమోదై ఉన్నాయి. 1998 మే నెలలో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ మీదుగా ప్రయాణికులతో వెళుతున్న ఒక పీసీ-12లో ఇంజిన్ ఆయిల్ ఒత్తిడి పడిపోయింది. కాసేపటికి ఇంజిన్‌ను ఆపేయవలసి వచ్చింది. విమానం క్లారెన్‌విల్ రన్‌వేను అందుకోలేక దానికి కొద్ది దూరంలో ఒక బురద నేలలో దిగింది. కొందరికి గట్టి దెబ్బలే తగిలాయి గాని అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. 2020 నవంబరులో కాలిఫోర్నియా నుంచి హవాయికి, అదనపు ఇంధన ట్యాంకు అమర్చుకుని, విమానాన్నే మరో చోటికి చేరవేసే ప్రయాణంలో ఉన్న మరో పీసీ-12 ఇంజిన్ పసిఫిక్ మధ్యలో ఆగిపోయింది. అందులోని ఇద్దరు పైలట్లు విమానాన్ని నీటి మీద దించి, రబ్బరు పడవలోకి చేరి, చాలా గంటల తర్వాత ఒక నౌక రావడంతో బతికిపోయారు.

ఈ రెండింటిలోనూ ప్రాణాలు నిలవడం వెనుక అదృష్టం ఎంత ఉందో భౌతికశాస్త్రమూ అంతే ఉంది. ఇంజిన్ ఆగినా విమానం రాయిలా పడిపోదు. పీసీ-12 తాను కోల్పోయే ఎత్తుకు పదిహేను రెట్లకు పైగా దూరం ముందుకు జారగలదు. 30,000 అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగితే, ఎదురుగాలి లేకపోతే, సుమారు 130 కిలోమీటర్ల దూరమూ, దాదాపు అరగంట సమయమూ పైలట్ చేతిలో ఉంటాయి. జనావాసాలున్న నేల మీద అంత పరిధిలో ఒక రన్‌వే అయినా లేకపోవడం అరుదు. అయితే ఈ దూరం రావాలంటే ప్రొపెల్లర్ రెక్కలు గాలికి అంచు చూపేలా తిరగాలి. లేకపోతే ఆగిన ఇంజిన్ ముందున్న ప్రొపెల్లర్ గాలికి తిరుగుతూ పెద్ద బ్రేకులా పనిచేస్తుంది. పీటీ6 అమరికలో రెక్కలను పని చేసే కోణంలో నిలిపి ఉంచేది ఆయిల్ ఒత్తిడి. ఆ ఒత్తిడి పోతే స్ప్రింగు, ప్రతిబరువులు కలిసి రెక్కలను వాటంతటవే ఆ సురక్షిత కోణంలోకి నెట్టేస్తాయి. అంటే ఆయిల్ పూర్తిగా కారిపోయే పరిస్థితిలో కూడా వ్యవస్థ సరైన వైపుకే ఒరుగుతుంది.

దిగే వేగం గురించి నియమాలు రాసినవారు కూడా చాలాకాలం కిందటే ఆలోచించారు. ఒకే ఇంజిన్ విమానం స్టాల్ అయ్యే వేగం, అంటే రెక్కలు ఇక మోయలేక వదిలేసే వేగం, దిగే అమరికలో 61 నాట్లను, అంటే గంటకు సుమారు 113 కిలోమీటర్లను మించకూడదన్నది అమెరికాలో దశాబ్దాల పాటు నడిచిన నియమం. మించితే సీట్లు, బెల్టులు మరింత కఠినమైన పరీక్షలకు నిలబడాలి. గుద్దుకునేటప్పటి శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక 61 నాట్లకు బదులు 85 నాట్లతో పొలంలో దిగితే శరీరాలు, లోహం కలిసి భరించవలసిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది. రెండు ఇంజిన్ల విమానాలలో చాలా రకాలకు ఈ పరిమితి వర్తించలేదు. ఇంజిన్ ఆగినా అవి ఎగురుతూనే ఉంటాయన్నది అక్కడి ఊహ.

ఆ ఊహ ప్రతిసారీ నిజం కాదు. రెండు ఇంజిన్లుంటే వాటిలో ఏదో ఒకటి చెడిపోయే అవకాశం రెట్టింపన్నది సాధారణ గణితం. చెడిన తర్వాత మిగిలిన ఇంజిన్ ఒక పక్కనే లాగుతుంది, విమానం మరో పక్కకు తిరిగిపోతుంది. పైలట్ వెంటనే సరైన కాలితో రడ్డర్‌ను, అంటే తోక మీది చుక్కానిని తిప్పే పెడల్‌ను, నొక్కి పట్టాలి, ఆగిన ప్రొపెల్లర్‌ను సరైన కోణంలోకి తేవాలి, వేగం ఒక హద్దు కన్నా తగ్గనివ్వకూడదు. తగ్గితే రడ్డర్‌కు ఆ లాగుడును ఆపే బలం చాలక విమానం బోర్లాపడుతుంది. 2019 జూన్ 30న టెక్సస్‌లోని అడిసన్‌లో రెండు ఇంజిన్ల టర్బోప్రాప్ అయిన కింగ్ ఎయిర్ 350 టేకాఫ్ అవుతుండగా ఎడమ ఇంజిన్ శక్తి తగ్గింది. సెకన్ల వ్యవధిలో అది తిరగబడి పక్కనే ఉన్న హ్యాంగర్‌ను ఢీకొంది, పదిమందీ చనిపోయారు. పైలట్ ముందుగా రడ్డర్‌ను తప్పు దిశలో నొక్కినట్టు దర్యాప్తులో తేలింది. కుడి ఇంజిన్ చక్కగానే పనిచేస్తోంది. దీన్ని బట్టి రెండో ఇంజిన్ వ్యర్థమనడం సబబు కాదు. రోజూ ఎగిరే, ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో పరీక్షకు కూర్చునే ఇద్దరు పైలట్ల చేతిలో అది నిజమైన బీమా. ఏడాదికి వంద గంటలు ఒంటరిగా ఎగిరేవారి చేతిలో దాని విలువ చాలా తగ్గిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇంజిన్ ఆగడమంటే అందరికీ లోపల ఏదో విరిగిపోవడమే గుర్తుకొస్తుంది. ఇంధనం అయిపోవడం, అందులో నీరు చేరడం, గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోవడం వంటి కారణాలు కూడా ఇంజిన్‌ను అలాగే ఆపుతాయి. వీటి ముందు ఇంజిన్లు రెండున్నా ఒక్కటే.

విరిగిపోవడానికీ పనిచేయడానికీ మధ్య ఒక స్థితి కూడా పీటీ6లో ఉంది. పాత రకాలలో ఇంధనం ఎంత పోవాలో నిర్ణయించే యాంత్రిక పరికరం కంప్రెసర్ నుంచి వచ్చే గాలి ఒత్తిడిని ఒక సన్నని గొట్టం ద్వారా తెలుసుకుంటుంది. ఆ గొట్టం పగిలినా, దాని బిగింపు సడలినా, పరికరం ఒత్తిడి లేదని భ్రమపడి ఇంధనాన్ని కనీస స్థాయికి తగ్గిస్తుంది. ఇంజిన్ ఆరోగ్యంగానే తిరుగుతుంటుంది, శక్తి మాత్రం ఉండదు. పైలట్ మామూలు లీవర్‌ను ఎంత తోసినా ఫలితం ఉండదు. ఇందుకోసమే ఆ పరికరాన్ని దాటవేసి నేరుగా ఇంధనం పంపే మరో లీవర్‌ను కారవాన్, పీసీ-12, టీబీఎంలలో అమర్చారు. దాన్ని మెల్లగా, ఉష్ణోగ్రత సూచిని చూస్తూ తోయాలి. తొందరపడి తోస్తే ఇంజిన్ హద్దు మీరి కాలిపోతుంది. ఒకే ఇంజిన్ విమానానికి రెండో అవకాశమంటూ ఉంటే అది ఈ లీవరే. దాన్ని గుర్తుంచుకుని వాడటం మాత్రం పూర్తిగా శిక్షణ మీద ఆధారపడిన పని.

ఆకర్షణ విషయానికొస్తే అందులో పెద్ద రహస్యం లేదు. పీసీ-12 270 నాట్ల పరిసరాల వేగంతో ఎగురుతూ గంటకు సుమారు 230 లీటర్ల ఇంధనం తాగుతుంది. ఇంచుమించు అదే మోతాదు మనుషులను, సామాన్లను మోసే రెండు ఇంజిన్ల టర్బోప్రాప్‌కు అంతకన్నా చాలా ఎక్కువ కావాలి. పూర్తిగా విప్పి సరిచేసే ఓవర్‌హాల్ ఖర్చు ఒక ఇంజిన్‌కే, ప్రొపెల్లర్ కూడా ఒక్కటే. పిస్టన్ విమానాలకు కావలసిన సీసం కలిసిన పెట్రోలు ప్రపంచంలో చాలా చోట్ల దొరకదు, జెట్ ఇంధనమైతే రన్‌వే ఉన్న ప్రతిచోటా దాదాపుగా దొరుకుతుంది. ప్రొపెల్లర్‌ను వెనక్కి తోసే కోణంలోకి తిప్పి పొట్టి రన్‌వే మీద ఆగవచ్చు, గడ్డి మీదా, కంకర మీదా దిగవచ్చు. పీసీ-12 వెనుక భాగంలోని పెద్ద సరుకుల తలుపు గుండా స్ట్రెచర్‌ను అలాగే ఎక్కించవచ్చు. జెట్ అంతకన్నా వేగంగా వెళుతుంది, నిజమే. కాని ఐదారు వందల కిలోమీటర్ల ప్రయాణంలో మిగిలే సమయం పది, ఇరవై నిమిషాలకు మించదు, పైగా జెట్ దిగగలిగే రన్‌వే ఊరికి దూరంగా ఉంటే అదీ మిగలదు.

అసలు చిక్కు ఈ సౌకర్యాల నుంచే పుడుతుంది. పైలట్ నిన్నటి దాకా నడిపిన పిస్టన్ విమానం తుఫాను మేఘాన్ని చూస్తే నేల మీదే ఉండిపోయేది, పది వేల అడుగుల ఎత్తులో నెమ్మదిగా పోయేది. టర్బోప్రాప్ అతనికి పీడనం నింపిన క్యాబిన్, మంచును తొలగించే రెక్కలు, వాతావరణ రాడార్, 30,000 అడుగుల ఎత్తు ఒక్కసారిగా ఇచ్చేస్తుంది. విమానయాన సంస్థల విమానం వెళ్లే వాతావరణంలోకి అది కూడా వెళ్లగలదు, తేడా అల్లా లోపల కూర్చున్న పైలట్ ఒక్కడే కావడం. ఈ తరగతిలో ప్రాణనష్టం జరిగిన ప్రమాదాల నివేదికలను చదివితే వాటిలో ఎక్కువ భాగం ఇంజిన్ చక్కగా తిరుగుతుండగానే జరిగినవని తెలుస్తుంది.

2009 మార్చి 22న మోంటానాలోని బ్యూట్ విమానాశ్రయం దగ్గర కూలిన పీసీ-12 ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. అందులో ఉన్న పద్నాలుగు మందీ చనిపోయారు, వారిలో సగం మంది చిన్నపిల్లలు. చల్లని ఎత్తులో ఇంధనంలోని తేమ గడ్డకట్టకుండా కలపవలసిన ద్రావణాన్ని కలపలేదు. దాంతో ఇంధన వ్యవస్థలో మంచు చేరి, ఒక రెక్కలోని ట్యాంకు ఖాళీ అవుతుంటే రెండో రెక్కలోది నిండుగా మిగిలిపోయింది. ఈ అసమానత ఒక్కసారిగా వచ్చింది కాదు. కాక్‌పిట్‌లోని సూచికలు చాలాసేపటి ముందు నుంచే దాన్ని చూపుతున్నాయి. సకాలంలో దగ్గర్లోని తగిన విమానాశ్రయంలో దిగి ఉంటే అది ఒక మరమ్మతు పనిగా ముగిసేది. పైలట్ ముందుకు సాగాడు, చివరి మలుపులో ఒక పక్కకు బరువెక్కిన విమానం అదుపు తప్పింది.

2014 సెప్టెంబరు 5న జరిగినది మరో తరహా. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నుంచి ఫ్లోరిడాకు బయలుదేరిన టీబీఎం 900 పైలట్ 28,000 అడుగుల ఎత్తులో ఉండగా, విమానంలో ఏదో సూచిక సరిగా లేదని, కిందికి దిగాలని నేల మీది విమాన రాకపోకల కంట్రోలర్‌ను అడిగాడు. ఎమర్జెన్సీ అని మాత్రం అనలేదు. ఆ మాట అననందువల్ల అతన్ని ముందు 25,000 అడుగుల వరకే దిగనిచ్చారు. కొద్ది నిమిషాలకే అతని మాట ఆగిపోయింది. ప్రాణవాయువు అందక లోపలి ఇద్దరూ స్పృహ కోల్పోగా, విమానం ఆటోపైలట్ మీద గంటల తరబడి దక్షిణంగా ఎగిరి, ఇంధనం అయిపోయి జమైకా దగ్గర సముద్రంలో పడింది. ఆ ఎత్తులో పీడనం పోయిన మనిషికి సరిగా ఆలోచించగలిగే వ్యవధి రెండు మూడు నిమిషాలే. ముందు ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని, తర్వాతే కారణం వెతకాలన్నది పైలట్లకు మొదటి పాఠం. ఇద్దరు పైలట్లున్న చోట ఒకరు తడబడితే రెండోవారు అడుగుతారు. ఇక్కడ అడిగేవారు లేరు.

మంచు సంగతిలో కారవాన్ చరిత్ర కూడా ఇలాంటిదే. రెక్కల కింద ఆనించిన కడ్డీలు, లోపలికి ముడుచుకోని చక్రాలు, వేగం తక్కువ, పైగా పార్సిళ్ల కోసం చలికాలపు రాత్రుళ్లు కూడా మంచు మేఘాల ఎత్తులోనే సాగే ప్రయాణాలు. వరుస ప్రమాదాల తర్వాత అమెరికా విమానయాన అధికారులు మంచులో వేగం 120 నాట్లకు తగ్గకూడదని, ఒక స్థాయి మించిన మంచులో ఎగరకూడదని ఆంక్షలు పెట్టారు. టీబీఎంలో ఇంకో రకం ఉచ్చు ఉంది. దిగబోతూ నెమ్మదించిన విమానాన్ని మళ్లీ పైకి లేపవలసి వచ్చి, పైలట్ కంగారులో లీవర్‌ను ఒక్కసారిగా ముందుకు తోస్తే, అంత శక్తితో తిరిగే ప్రొపెల్లర్ తేలికైన విమానాన్ని ఎడమకు పొర్లిస్తుంది. ఇంజిన్ శక్తి లోపించడం గాక ఎక్కువవడమే అక్కడ ప్రమాదం.

నియమాలు రాసేవారు ఈ రెండు వైపులనూ గమనిస్తూ మెల్లగా కదిలారు. మేఘాల్లో ఒకే ఇంజిన్ టర్బైన్‌తో ప్రయాణికులను తీసుకెళ్లడానికి కెనడా 1993లో, అమెరికా 1997లో దారి తెరిస్తే, ఐరోపా సమాఖ్య 2017 దాకా ఆగింది. ఐరోపా నియమంలో గమనించదగినది దాని నిజాయితీ. ఇంజిన్ ఆగితే సురక్షితంగా దిగడానికి చోటు దొరకని క్షణాలు ప్రతి ప్రయాణంలోనూ ఉంటాయని అది ఒప్పుకుంటుంది. అలాంటి సమయాన్ని ముందే లెక్కగట్టి, మొత్తం మీద పదిహేను నిమిషాలకు మించకుండా మార్గాన్ని ఎంచుకోవాలంటుంది. ఇంజిన్ ఉష్ణోగ్రత, శక్తి లెక్కలను ప్రతి ప్రయాణంలోనూ నమోదు చేసి, చిన్న మార్పు కూడా ముందే పసిగట్టే ఏర్పాటు ఉండాలంటుంది. ఇవన్నీ డబ్బు తీసుకుని నడిపే సంస్థలకే. సొంత విమానంలో కుటుంబంతో వెళ్లే పైలట్‌ను ఏటా సిమ్యులేటర్ శిక్షణకు పంపేది చాలా సందర్భాలలో బీమా సంస్థలే.

ఇటీవలి యంత్రాల మార్పులు కూడా ఇంజిన్ కన్నా పైలట్ చుట్టూనే తిరుగుతున్నాయి. 2019లో వచ్చిన పీసీ-12 ఎన్‌జీఎక్స్‌లో ఇంజిన్‌నూ ప్రొపెల్లర్‌నూ కలిపి ఒకే ఎలక్ట్రానిక్ వ్యవస్థ అదుపు చేస్తుంది, కనుక స్టార్ట్ చేసేటప్పుడు పొరపాటున లోపలి భాగాలను కాల్చేసే అవకాశం చాలావరకు పోయింది. 2020లో ఈ తరగతిదే అయిన పైపర్ ఎం600లో ధ్రువీకరణ పొంది, తర్వాత టీబీఎం 940లోకి వచ్చిన గార్మిన్ సంస్థ వారి ఆటోలాండ్‌ను ప్రయాణికులలో ఎవరైనా ఒక బటన్ నొక్కి మొదలుపెట్టవచ్చు. అది తగిన విమానాశ్రయాన్ని వెతికి, కంట్రోలర్లకు తానే చెప్పి, విమానాన్ని రన్‌వే మీద దించి ఆపుతుంది. రోచెస్టర్ నుంచి బయలుదేరిన ఆ విమానంలో లేనిది ఇదే. అయితే ఆటోలాండ్‌కు తిరుగుతున్న ఇంజిన్ కావాలి. ఇంజిన్ ఆగిన వేళకు అదే సంస్థ 2021లో స్మార్ట్ గ్లైడ్ అనే మరో సదుపాయం తెచ్చింది. అది అందుబాటులో ఉన్న రన్‌వేను ఎంచి, ఆటోపైలట్‌తో విమానాన్ని సరైన వేగంలో దాని దగ్గరి దాకా జార్చుకుంటూ తీసుకెళుతుంది. ఆ తర్వాత ఎత్తును చూసుకుని, చక్రాలు దించి, నేల తాకించే పని ఇప్పటికీ పైలట్‌దే.